దవడ నొప్పికి మీటరు

రూట్ కెనాల్ చేయించుకుని క్యాప్ పెట్టించుకున్న ప్రతివాళ్ళకీ ఆ నీలం కాగితం తెలుసు. డాక్టరు దాన్ని పట్టకారుతో పళ్ళ మధ్య పెట్టి, "కరవండి, టక్‌టక్‌మని కొట్టండి, ఇప్పుడు పక్కలకి నూరండి" అంటారు. కాగితం తీశాక పళ్ళ మీద నీలం మచ్చలు పడతాయి. ముదురుగా, పెద్దగా కనబడిన మచ్చ దగ్గర డ్రిల్లు బర్రుమంటుంది. "ఇప్పుడెలా ఉంది?" "ఇంకా కొంచెం ఎత్తుగానే తగుల్తోంది సార్." మళ్ళీ కాగితం, మళ్ళీ బర్రు. ఇంజక్షన్ మత్తు దిగని దవడతో ఎత్తేదో పల్లమేదో మనకీ సరిగ్గా తెలియదు. చివరికి విసుగొచ్చి "ఆఁ, బాగానే ఉంది" అనేసి లేచి వచ్చేస్తాం.

మచ్చ ఎంత పెద్దదైతే అక్కడ అంత బలం పడుతోందని దంతవైద్యులు తరతరాలుగా అనుకుంటూ వచ్చారు. కొలిచి చూస్తే ఆ నమ్మకం నిలబడలేదు. చదునైన రెండు పళ్ళు మెల్లగా తగిలినా పెద్ద మచ్చే పడుతుంది. ఒక పంటి మొన ఎదుటి పంటిని గట్టిగా పొడిచినా చుక్కంత మచ్చే పడొచ్చు. ఎక్కడ తగిలిందో కాగితం చెబుతుంది. ఎంత గట్టిగా తగిలిందో, అన్నిటికంటే ముందు ఏ పన్ను తగిలిందో దానికి తెలియదు.

ఆ రెండూ చెప్పే పరికరం 1980ల్లో అమెరికాలోని బోస్టన్ నగరంలో పుట్టింది. విలియమ్ మేనెస్ అనే దంతవైద్యుడి ఆలోచన అది. 1987లో మొదలైన టెక్‌స్కాన్ కంపెనీ దాన్ని టీ-స్కాన్ అన్న పేరుతో దంతవైద్యులకు అందించింది. ఇప్పుడు మన దేశంలోనూ దంత వైద్య కళాశాలల్లో, నగరాల క్లినిక్కుల్లో వాడుతున్నారు. "దవడ కీలు నొప్పికి డిజిటల్ బైట్ అనాలిసిస్" అన్న మాట రోగుల చెవిన పడడం మొదలైంది.

సికింద్రాబాద్ ఈశాన్యాన కాప్రాలో కూర్చుని ఇలాంటి పరికరం గురించి మాట్లాడుకోవడంలో ఓ సుఖం ఉంది. ఇక్కడ మీటర్ల గురించి మొదట్నించీ చెప్పుకురానక్కర్లేదు. 1967 ఏప్రిల్ 11న మొదలైన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఈ ప్రాంతానికి రూపం ఇచ్చింది. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరే పక్కనున్న ఎ.ఎస్.రావు నగర్‌కి పెట్టుకున్నారు. అణు రియాక్టర్లకు కావలసిన నియంత్రణ పరికరాలు, టీడీసీ-12 కంప్యూటరు, ఇంటింటికీ టీవీలు, ఆ తర్వాత ఓటింగ్ యంత్రాలు అన్నీ ఆ గేటు లోపల తయారయ్యాయి. కుషాయిగూడలోనో సైనిక్‌పురిలోనో పళ్ళ డాక్టరు కుర్చీలో వెనక్కి వాలిన పెద్దాయన ఒకప్పుడు సర్క్యూట్ బోర్డులు పరీక్షించి సంతకం పెట్టినవాడు కావడం ఇక్కడ వింతేం కాదు. అలాంటివాళ్ళు ఏ మీటరు ముందుకు తెచ్చినా అడిగే ప్రశ్నలు తెలిసినవే. ఇది దేన్ని కొలుస్తుంది? రెండోసారి కొలిస్తే అదే అంకె వస్తుందా? సరే, వచ్చింది, ఆ అంకె చూసి ఏం చేద్దామని? దవడ కీలు విషయంలో మొదటి రెండిటికీ జవాబు బాగానే ఉంది. తంటా అంతా మూడో దానితోనే.

పరికరం చూడ్డానికి ఏమంత ఆర్భాటంగా ఉండదు. చేతిలో ఇమిడే పిడి, దాని వెనక కంప్యూటరుకి వెళ్ళే తీగ, ముందు భాగంలో పలువరుస వంపుకి సరిపోయేట్టు కోసిన పల్చటి ప్లాస్టిక్ రేకు. రేకు మందం దాదాపు 0.1 మిల్లీమీటరు. అందులో ఒక పొర మీద నిలువు గీతలు, ఇంకో పొర మీద అడ్డగీతలు కరెంటు పారే సిరాతో అచ్చేసి ఉంటాయి. రెండిటి మధ్యా ఇంకో రకం సిరా పూత ఉంటుంది. నొక్కిన కొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. నిలువు గీత అడ్డగీతను దాటే ప్రతిచోటా ఒక కొలత బిందువు. అలాంటివి మొత్తం వెయ్యికి పైగా ఉంటాయి. కంప్యూటరు సెకనులో నూరోవంతుకు ఒకసారి వాటన్నిటినీ వరసగా పలకరించి ఎక్కడెక్కడ నిరోధం ఎంత పడిపోయిందో రాసుకుంటుంది.

మీరు కరుస్తారు. తెర మీద మీ పలువరుస బొమ్మ వస్తుంది. పంటి పంటి మీదా రంగు స్తంభాలు లేస్తాయి: తేలిగ్గా తగిలిన చోట నీలం, గట్టిగా తగిలిన చోట ఎరుపు. ఎడమవైపు ఎంత శాతం, కుడివైపు ఎంత శాతం అన్నది పైన అంకెల్లో. అన్ని బలాల కేంద్రం ఎక్కడుందో చూపించే చిన్న గుర్తు ఒకటి దవడ మూసుకుంటున్న కొద్దీ పాక్కుంటూ పోతుంది. పళ్ళన్నీ దాదాపు ఒకేసారి కలిసిన నోట్లో అది మధ్యగీత చుట్టుపక్కల్నే తిరుగుతుంది. కుడివైపు కొత్త క్యాప్ ఎత్తుగా ఉంటే ముందు అటు పరిగెత్తి, మిగతా పళ్ళు కలిశాక వెనక్కొస్తుంది. రికార్డింగుని ఆపి, వెనక్కి తిప్పి, ఒక్కో క్షణాన్ని విడిగా చూడొచ్చు. నా దృష్టిలో ఈ పరికరం గొప్పదనం ఇదే. బలం సంగతి అటుంచి, పళ్ళు కలవడంలో ముందూ వెనకా ఏమిటో ఇంతకుముందు ఎవరికీ కనబడలేదు.

ఇక దాని పరిమితులు. తెర మీద అంకెలన్నీ శాతాలు. మీరు కరిచిన మొత్తం బలంలో ఫలానా పన్ను వాటా ఇంత అని చెబుతుంది తప్ప, ఇన్ని కిలోల బలం అని చెప్పదు. మామూలు మనిషి వెనక దవడ పళ్ళ మధ్య 50, 60 కిలోల బలం పెట్టగలడు. నొప్పితో ఉన్నవాడు భయంభయంగా పదో వంతు బలంతో కరిచినా తెర మీద స్తంభాలు నిండుగానే లేస్తాయి. రేకు మందం ఇంకో చిక్కు. పంటి మూలం చుట్టూ ఉండే సన్నటి నార పొర ఎంత సున్నితమైందంటే, పళ్ళ మధ్య 20 మైక్రాన్ల రేకు పెట్టినా ఏదో ఉందని పసిగడుతుంది. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంత సున్నితమైన చోట 100 మైక్రాన్ల రేకు పెట్టి "మామూలుగా కరవండి" అంటే దవడ నిజంగా మామూలుగానే కరుస్తుందా? కొలిచే వస్తువే కొలతను కొంత మారుస్తుందన్నది ఈసీఐఎల్ వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. జర్మనీలోని బౌష్ కంపెనీ తర్వాత తెచ్చిన ఆక్లూసెన్స్ రేకు 60 మైక్రాన్లకు దిగింది. అయినా వెంట్రుక మందం పరిధిలోనే ఉన్నాం. పైగా పడుకుని కరిచినదానికీ నిటారుగా కూర్చుని కరిచినదానికీ తేడా వస్తుంది. అందుకే అనుభవమున్న డాక్టరు కూర్చోబెట్టి, తల ఆన్చకుండా, అదే కొలత మళ్ళీ మళ్ళీ తీసి, అన్నిట్లోనూ ఒకేలా కనబడినదాన్నే పట్టించుకుంటారు. ఒక్కసారి కరిపించి రంగుల బొమ్మ చేతిలో పెడితే దానికి పెద్ద విలువ లేదు.

ఇప్పుడు కీలు దగ్గరికి వద్దాం. రెండు చూపుడు వేళ్ళూ చెవుల ముందు పెట్టుకుని నోరు తెరిచి మూయండి. వేళ్ళ కింద గుండ్రటి ఎముక కదిలి ముందుకు జారడం తెలుస్తుంది. కింది దవడ ఎముక కొస అది. పుర్రెలో కణత ఎముక అడుగున ఉన్న గుంటలో అది కూర్చుంటుంది. నోరు కొంచెం తెరిచినంతసేపూ ఆ కొస ఉన్నచోటే తిరుగుతుంది. ఇంకా తెరిస్తే గుంటలోంచి బయటికి వచ్చి ఎదురుగా ఉన్న ఎముక గట్టు మీదికి జారుతుంది. మోకాలూ మోచెయ్యీ ఇంత జారవు. పైగా ఎడమ కీలుకీ కుడి కీలుకీ మధ్య ఒకే ఎముక కాబట్టి ఒకదాన్ని వదిలి ఇంకొకటి కదల్లేదు. ఎముకకీ ఎముకకీ మధ్య నార కణజాలంతో చేసిన చిన్న బిళ్ళ ఉంటుంది. దాన్నే డిస్క్ అంటారు. మధ్యలో దాని మందం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ.

ఆ డిస్క్ ముందుకు జారిపోయిన కీలులో, నోరు తెరిచినప్పుడు ఎముక కొస దాని వెనక అంచుని దాటి కిందికి దూరుతుంది. చెప్పులోంచి జారిన మడమ మళ్ళీ చెప్పులో కూర్చున్నట్టు. చాలామందికి వినబడే "టిక్" అదే. నొప్పి లేకుండా ఉత్త టిక్ మాత్రమే ఉంటే దానికి వైద్యం అక్కర్లేదు. పక్కవాళ్ళకి వినబడేంత చప్పుడు చేస్తూనే ముప్ఫై ఏళ్ళు హాయిగా సకినాలు తిన్నవాళ్ళుంటారు. కొందరికి మాత్రం ఒక రోజు ఆ టిక్ ఆగిపోతుంది, దాంతోపాటు నోరు తెరుచుకోవడమూ ఆగిపోతుంది. డిస్క్ అడ్డం పడి ఎముకను ముందుకు రానివ్వదు. మామూలుగా మూడు వేళ్ళు నిలువుగా పట్టే నోట్లో రెండు వేళ్ళు కూడా కష్టమౌతాయి. "దవడ పట్టేసింది" అని వచ్చేవాళ్ళలో కొందరి సంగతి ఇది.

అయితే దవడ నొప్పితో వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి బాధ కీలు లోపల ఉండదు, కండరాల్లో ఉంటుంది. పళ్ళు బిగిస్తే చెంప మీద ఉబ్బే కండరం ఒకటి, కణత మీద విసనకర్రలా పరుచుకున్నది ఇంకొకటి. తినేటప్పుడు, గుటక వేసేటప్పుడు తప్ప పళ్ళకు పళ్ళతో పని లేదు. అన్నీ కలిపినా రోజు మొత్తానికి 20 నిమిషాలు దాటదని పాత కొలతలు. కంప్యూటరు ముందు కూర్చుని గంటల తరబడి పళ్ళు బిగబట్టేవాళ్ళకి ఈ కండరాలు రోజంతా పనిలోనే ఉంటాయి. నిద్రలో పళ్ళు నూరేవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. పిల్లలు నిద్రలో పళ్ళు కొరికితే కడుపులో నులిపురుగులున్నాయని మన ఇళ్ళల్లో మందు వేయించేవారు. పురుగులకీ దీనికీ లంకె అంత గట్టిదేం కాదు. నిద్ర గాఢత తగ్గి మెదడు క్షణకాలం మేలుకునే సమయాల్లో పళ్ళు నూరడం ఎక్కువగా జరుగుతుందని నిద్ర ప్రయోగశాలల్లో చూశారు.

మరి పళ్ళు కలవడంలో తేడాకీ కీలు నొప్పికీ సంబంధం ఏమిటి? ఇదే తొంభై ఏళ్ళ తగువు. 1934లో అమెరికాలో చెవి ముక్కు గొంతు వైద్యుడు జేమ్స్ కాస్టెన్ ఒక వ్యాసం రాశాడు. వెనక పళ్ళు ఊడిపోయినవాళ్ళ దవడ మరీ పైకి మూసుకుంటోందని, ఎముక కొస వెనక్కి వెళ్ళి నరాలనీ చెవి గొట్టాన్నీ నొక్కుతోందని, చెవిపోటుకీ తలనొప్పికీ కారణం అదేనని ఆయన వాదన. వినడానికి ఎంతో పొందికగా ఉంది. ఆ నరాలు అక్కడ అలా నలిగే వీల్లేదని శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు హ్యారీ సిచర్ 1948లో చూపించాడు. కానీ అప్పటికే ఆ ఆలోచన పళ్ళ క్లినిక్కుల్లో వేళ్ళూనుకుంది. పళ్ళు సరిగ్గా కలవకపోవడమే దవడ జబ్బుకి మూలమని, అరగదీసి సరిచేస్తే నయమౌతుందని రెండు తరాలు నమ్మాయి, నీలం కాగితం చేత్తో పట్టుకుని.

ఆ నమ్మకాన్ని పరీక్షించిన ప్రయోగాల్లో నాకు మరీ నచ్చింది 1976 నాటిది. షికాగోలో గుడ్‌మన్, గ్రీన్, లాస్కిన్ అనే ముగ్గురు దవడ కండరాల నొప్పితో బాధపడుతున్న 25 మందిని తీసుకున్నారు. పళ్ళు సరిచేస్తున్నామని చెప్పారు. కాగితం పెట్టారు, డ్రిల్లు తిప్పారు, చప్పుడు చేశారు, అసలు పళ్ళ కలయిక మీద మాత్రం చెయ్యి వెయ్యలేదు. అంతా నటన. ఇలా రెండుసార్లు చేశాక 25 మందిలో 16 మంది నొప్పి పూర్తిగానో దాదాపు పూర్తిగానో పోయిందన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. ఈ నొప్పి పెరుగుతూ తగ్గుతూ ఉండే రకం, భరించలేనప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్తాం, ఆ తర్వాత అది ఎలాగూ కొంత తగ్గుతుంది. దానికి డాక్టరు మీద నమ్మకం తోడౌతుంది. అసలు సంగతేమిటంటే, వైద్యం చేసిన ఒక్క గుంపునే చూపించి "ఇంతమందికి తగ్గింది" అని ఎవరన్నా ఆ 16 మంది గుర్తుకురావాలి.

అలాగని పళ్ళ కలయికకు దవడతో ఏ సంబంధమూ లేదని కొట్టిపారెయ్యడమూ కుదరదు. ఇటలీలోని నేపుల్స్‌లో ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ళ పళ్ళ మీద సన్నటి రేకు అంటించి కావాలని అడ్డు పెట్టారు. 2005లో వచ్చిన ఆ ఫలితం తమాషాగా ఉంది. కండరాలు ఎక్కువ బిగుస్తాయనుకుంటే తక్కువ బిగిశాయి. కొన్నాళ్ళకు అంతా సర్దుకుంది, జబ్బు ఎవరికీ రాలేదు. ఫిన్లాండ్‌లోని తుర్కులో ఇలాంటి ప్రయోగమే చేశారు. అక్కడ ఇదివరకు దవడ నొప్పి వచ్చి తగ్గినవాళ్ళనీ కలిపారు. నిజంగా అడ్డు పెట్టినప్పుడు వాళ్ళు మిగతావాళ్ళలా సర్దుకోలేకపోయారు, లక్షణాలు ఎక్కువయ్యాయి. కాబట్టి ఎత్తు పన్ను అందరికీ ఒకే రకంగా చెరుపు చెయ్యదు. ఎవరి దవడ, ఎవరి మెదడు అన్నదాని మీద చాలా ఉంది.

ఈ తగువులోకి టీ-స్కాన్ దిగింది. 1991 నుంచి బోస్టన్ దంతవైద్యుడు రాబర్ట్ కెర్‌స్టీన్ ఒక కొత్త వాదన చేస్తున్నారు. నోరు మూసి దవడను పక్కకు జరిపినప్పుడు వెనక పళ్ళు ఎంతసేపు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటాయన్నదే ఆయన లెక్క. ఆ సమయం సెకనులో సగం లోపే ఉండాలని, ఎక్కువసేపు రాసుకుంటే నమిలే కండరాలకు విశ్రాంతి దొరక్క అలసిపోతాయని ఆయన అంటారు. రేకు మీద ఆ సమయం కొలిచి, చెంపల మీద అంటించిన ఎలక్ట్రోడ్లతో కండరాల కరెంటునీ అదే సమయంలో నమోదు చేసి, అడ్డొచ్చిన వెనక పళ్ళ ఎనామిల్‌ని కొద్దికొద్దిగా తీసేసి, మళ్ళీ కొలుస్తారు. ఇది మనకు దూరం విషయమేం కాదు. బెంగళూరులో ప్రఫుల్ల తూమాటి బృందం ఇదే పద్ధతిలో 100 మందికి చికిత్స చేసి, మూడేళ్ళు వెంబడించి, ఫలితాలు 2016లో భారత ప్రోస్థోడాంటిక్ సంఘం పత్రికలో ప్రచురించింది. నొప్పి బాగా తగ్గిందని రాశారు. మూడేళ్ళ పాటు రోగులను వదలకుండా చూడ్డం మన దగ్గర చిన్న పని కాదు, ఆ శ్రమను మెచ్చుకోవాల్సిందే. కానీ అది ఒకే గుంపు అధ్యయనమని దాని శీర్షికలోనే ఉంది. పక్కన పోల్చడానికి, డ్రిల్లు చప్పుడు విని ఇంటికెళ్ళిన ఇంకో గుంపు లేదు.

పళ్ళు అరగదీసి సరిచేయడం మీద పోలిక గుంపులతో జరిగిన ప్రయోగాలను కాక్రేన్ సంస్థ 2003లో కూడబెట్టి చూసింది. ఆరు ప్రయోగాలు, మొత్తం 392 మంది. దవడ జబ్బును అది తగ్గిస్తుందనడానికి గానీ రాకుండా ఆపుతుందనడానికి గానీ ఆధారం దొరకలేదని తేల్చింది. అవి డిజిటల్ కొలతతో చేసినవి కావు కదా అని కెర్‌స్టీన్ పక్షంవాళ్ళు అంటారు. న్యాయమైన మాటే. అలాంటప్పుడు డిజిటల్ కొలతతో, పోలిక గుంపుతో, చికిత్స చేసినవాళ్ళతో సంబంధంలేని పెద్ద ప్రయోగాలు ఎన్నో చోట్ల జరిగి చూపించాలి. ఆ భారం కొత్త పద్ధతి తెచ్చినవాళ్ళదే. ఎందుకంటే తీసేసిన ఎనామిల్ తిరిగి రాదు.

దవడ కీలు చరిత్రలో తిరిగి రానివి ఇంకా ఉన్నాయి. 1980ల్లో అమెరికాలో చెడిన డిస్కుల స్థానంలో వైటెక్ కంపెనీ ప్రోప్లాస్ట్-టెఫ్లాన్ ఇంప్లాంట్లు పెట్టారు. అవి ముక్కలై, చుట్టూ ఉన్న ఎముకను తినేశాయి. 1990 తర్వాత వాటిని వెనక్కి రప్పించారు. అప్పటికే వేలాది మంది, చాలావరకు ఆడవాళ్ళు, ఆపరేషను మీద ఆపరేషను చేయించుకోవాల్సి వచ్చింది. అప్పట్నించీ ఈ రంగంలో వచ్చిన ప్రతి పెద్ద సలహాలోనూ ఒకే జాగ్రత్త వినిపిస్తుంది: వెనక్కి తీసుకోగలిగిన వైద్యంతో మొదలుపెట్టండి. 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకం దీర్ఘకాల దవడ నొప్పికి వ్యాయామాలు, కండరాల ముడులను చేత్తో నొక్కి వదిలించే చికిత్స, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ లాంటివాటిని ముందు పెట్టింది. పళ్ళ స్థానాన్ని శాశ్వతంగా మార్చే స్ప్లింట్లు (పళ్ళ మీద పెట్టుకునే ప్లాస్టిక్ తొడుగులు) వద్దని గట్టిగా చెప్పింది. అమెరికాలో ఆపెరా అనే అధ్యయనం దవడ నొప్పి లేని వేలాది మందిని ఏళ్ళ తరబడి గమనించింది. ఏడాదికి నూటికి దాదాపు నలుగురికి కొత్తగా ఈ జబ్బు వచ్చింది. ఎవరికి వస్తుందో ముందే సూచించినవి చూస్తే, ఒంట్లో ఇతర చోట్ల నొప్పులు, చెడిన నిద్ర, మానసిక ఒత్తిడి లాంటివి.

మరి రోగ నిర్ధారణ ఎలా చేస్తారు? ప్రపంచమంతా వాడే ప్రమాణం 2014లో వచ్చింది. ఇంత ఎలక్ట్రానిక్స్ యుగంలో అది వేలి కొసతో మొదలవుతుందంటే నమ్మబుద్ధి కాదు. డాక్టరు చెంప మీద, కణత మీద ఒక కిలో బలంతో, కీలు మీద అరకిలో బలంతో కొద్ది క్షణాలు నొక్కుతారు. ఒక కిలో అంటే ఎంతో వేలికి తెలియడానికి త్రాసు మీద నొక్కి సాధన చేస్తారు. నొక్కాక అడిగే ప్రశ్నలోనే కిటుకంతా ఉంది: "నొప్పిగా ఉందా?" అని ఆగరు, "మీరు రోజూ పడుతున్న నొప్పి ఇదేనా?" అని అడుగుతారు. గట్టిగా నొక్కితే ఎవరికైనా నొప్పే. తన నొప్పిని రోగి గుర్తుపట్టిన చోటు వేరు. తర్వాత స్కేలుతో నోరు ఎంత తెరుచుకుందో మిల్లీమీటర్లలో కొలుస్తారు, చప్పుడు వింటారు, అవసరమైతే డిస్క్ కోసం ఎమ్మారై, ఎముక కోసం సీబీసీటీ అనే త్రీడీ ఎక్స్‌రే తీయిస్తారు. పళ్ళు ఎలా కలుస్తున్నాయన్నది ఆ నిర్ధారణ సూత్రాల్లో లేనే లేదు. అంటే టీ-స్కాన్ తెర మీద కుడివైపు 62 శాతం, ఎడమవైపు 38 శాతం అని వచ్చినంత మాత్రాన దవడ కీలు జబ్బు ఉన్నట్టు కాదు. ఏ బాధా లేనివాళ్ళ నోళ్ళలోనూ అలాంటి అంకెలు వస్తాయి.

ఈ వేలి పరీక్షకు ఇంకో ప్రయోజనం ఉంది, కీలు జబ్బులా నటించే దొంగల్ని అది వేరుచేస్తుంది. మన దగ్గర నోరు తెరుచుకోక వచ్చేవాళ్ళలో గుట్కా, వక్క అలవాటున్నవాళ్ళు తక్కువేం కాదు. బుగ్గల లోపలి పొర తోలులా బిగుసుకుపోతుంది. కీలు శుభ్రంగా ఉంటుంది, నోరు మాత్రం తెరుచుకోదు. అది క్యాన్సరుకు ముందు దశ కావచ్చు కనుక ఒక్కరోజు కూడా జాప్యం పనికిరాదు. యాభై దాటినవాళ్ళకి నములుతుంటే దవడ నొప్పి పెట్టి, ఆపితే తగ్గి, దాంతోపాటు కణత దగ్గర కొత్తగా తలనొప్పి వస్తుంటే అది కణత రక్తనాళం వాపు కావచ్చు. వైద్యం ఆలస్యమైతే చూపు పోవచ్చు. మెట్లెక్కితే ఎడమ దవడ లాగడం గుండె సంగతి కావచ్చు. వీటిలో దేనికీ పళ్ళ మధ్య రేకు పెట్టుకుని కూర్చోకూడదు.

ఇంత చెప్పాక ఆ పరికరం పనికిరాదనుకుంటే పొరపాటు. అది మరీ బాగా పనిచేసే చోట్లు కీలుకి కొంచెం పక్కన ఉన్నాయి. ఇంప్లాంటునే తీసుకోండి. సహజమైన పంటికి ఆ నార పొర ఉంటుంది, కరిచినప్పుడు కొంచెం లోపలికి దిగుతుంది, బరువెక్కువైతే మెదడుకి కబురు పంపుతుంది. ఎముకలో బిగిసిన టైటానియం మరకి అవి లేవు. అందుకని మిగతా పళ్ళు ముందు తగిలి, ఇంప్లాంటు మీది పన్ను ఓ క్షణం ఆలస్యంగా తగిలేట్టు కొందరు డాక్టర్లు సరిచేస్తారు. ఆ క్షణాన్ని కాగితం చూపించలేదు, రేకు చూపిస్తుంది. వరసగా ఆరేడు క్యాపులు వేసినప్పుడు, క్లిప్పులు తీసేశాక పళ్ళు ఎలా కూర్చున్నాయో చూడాల్సి వచ్చినప్పుడు కూడా అంతే. ఫలానా క్యాప్ పెట్టిన మర్నాటి నుంచే నొప్పి మొదలైందని రోగి చెబుతుంటే, రేకు అక్కడే ముందుగా ఎరుపు చూపిస్తుంటే, క్యాప్ పింగాణీని కాస్త తగ్గించడానికి తటపటాయించక్కర్లేదు. దవడ నొప్పి రోగికి స్ప్లింటు ఇచ్చినప్పుడు దాని మీద బలం రెండు వైపులా సమంగా పడుతోందో లేదో చూసుకోవడానికీ పనికొస్తుంది. పైగా అరగదీసేది ప్లాస్టిక్ కాబట్టి ఎవరికీ నష్టం లేదు. ఏ అరుగుదలా లేని నిండు పళ్ళను, దవడ నొప్పికి మొదటి మందుగా, రంగుల బొమ్మ చూపించి అరగదీద్దామన్నప్పుడు మాత్రం ఒప్పుకోకండి. మొహమాటం లేకుండా ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఇంట్లో చేసుకోగలిగినవి ఉన్నాయి, అవే చాలామందికి సరిపోతాయి. పెదాలు కలిసి ఉండాలి, పళ్ళు విడిగా ఉండాలి. పని మధ్యలో గుర్తొచ్చినప్పుడల్లా చూసుకుంటే ఎంతసేపు బిగబడుతున్నామో మనకే ఆశ్చర్యం వేస్తుంది. చెంపల మీద వెచ్చటి గుడ్డ కాపడం, కొన్ని వారాల పాటు మెత్తటి తిండి. సంక్రాంతి సకినాలు, చెరకు గడ, మటన్‌లో బొక్కలు ఆ కొన్నాళ్ళకి పక్కన పెట్టాలి. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆన్చుకోవాలి. నాలుక కొసను అంగిలికి ఆనించి మెల్లగా నోరు తెరిచి మూసే వ్యాయామం డాక్టరో ఫిజియోథెరపిస్టో చేయించి చూపిస్తే మంచిది. నొప్పి మాత్రలు కొద్దిరోజులకే, అదీ అడిగి.

అప్పటికీ తగ్గకపోతే ఎక్కడికి వెళ్ళాలన్నది మన దగ్గర నిజమైన చిక్కు. ముఖం, దవడ నొప్పుల వైద్యాన్ని అమెరికాలో 2020లో దంతవైద్యంలో ప్రత్యేక విభాగంగా గుర్తించారు. మన దేశంలో ఎండీఎస్ (దంతవైద్య పీజీ) శాఖల్లో దానికి విడిగా చోటు లేదు. దంత వైద్య కళాశాల ఓపీలో ఓరల్ మెడిసిన్ విభాగాన్ని అడగడం సరైన దారి. కాప్రా వైపు వాళ్ళకి జవహర్‌నగర్ దగ్గర ఆర్మీ దంత వైద్య కళాశాల పక్కనే ఉంది. నగరం మధ్యలో అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. వెళ్ళేటప్పుడు పాత ఓపీజీ (దవడ మొత్తం ఎక్స్‌రే) ఫిల్ము, క్లినిక్కులో తీసిన టీ-స్కాన్ రికార్డింగు ఫైలు, వాడుతున్న మందుల చీటీ పట్టుకెళ్ళండి. పళ్ళు నూరకుండా ఇచ్చిన నైట్ గార్డ్ ఉంటే అదీ తీసుకెళ్ళండి, కడిగి తుడిచి సరే, గీతలు పోయేట్టు రుద్దకండి. రాత్రి దవడ ఎటువైపు జరిగి ఎక్కడ నూరిందో ఆ అరుగుదల మీద కనబడుతుంది.